పేరు చివర చెప్పాలి

గుణదల, విజయవాడ
12 ఫిబ్రవరి 2026, గురువారం

ప్రియమైన తమ్ముడు యేసుకుమార్‌కి,

మీ అక్క సంపూర్ణ నిండు మనసుతో దీవించి రాయించే సంగతులు. ఇక్కడ నేను, నీ మేనకోడలు జెస్సికా, పెరట్లో మునగచెట్టు, తిరునాళ్ళకి వచ్చిన చుట్టాలు మర్చిపోయి వెళ్ళిన టిఫిన్ క్యారియర్లు, అందరం క్షేమం. ఆపరేషనైన ఆ గొంతు సంగతి అలా ఉంచితే, మిగతా నువ్వంతా హైదరాబాదులో క్షేమంగా ఉన్నావని మరియతల్లి మీద భారం వేసి నమ్ముతున్నాను.

ఇదేంటి, అక్క ఉత్తరం పంపడమేంటి, ఫోను చెయ్యచ్చుగా అనుకుంటావు. చేస్తే నువ్వు మాట్లాడతావు. నెలాఖరుదాకా నోరు విప్పొద్దని డాక్టరుగారు ఎంత చెప్పినా అక్క ఫోనంటే ఆగవు. ఉత్తరమైతే నోరు మూసుకుని చదువుతావు. నీ నోరు మూయించే అవకాశం ఈ జన్మలో నాకు మళ్ళీ దొరకదు. చలికి నా వేళ్ళ కీళ్ళు పట్టేశాయి కాబట్టి జెస్సికా చేత రాయిస్తున్నాను. బెంజ్ సర్కిల్‌లో ఆఫీసు వదిలాక ఇంటికొచ్చి, టీ తాగి, కాగితాలు ముందేసుకుని కూర్చుంది. నేను చెప్పింది చెప్పినట్టే రాయాలి, ఒక్క మాట దిద్దినా ఊరుకోనని ముందే చెప్పాను. మూతి ముడుచుకునే ఉంటుంది, నాకు తెలుసు.

నువ్వడిగినదానికి జవాబు చెబుతాను. తొందరపడకు. ముందు ఊరి సంగతులు వినాలి.

నిన్నటితో తిరునాళ్ళు అయిపోయాయి. ఈసారి కొండ ఎక్కలేదు. కింద మైకు టెంటు పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. మైకు పట్టుకున్నవాడు పవన్‌కుమార్, మన చర్చి క్వయరులో పాడే తెరేసమ్మ అల్లుడు. గొంతు బంగారంలాంటిదే, బుర్రే లేదు. నూజివీడు నుంచి వచ్చిన ఒకావిడ కూతురు జనంలో తప్పిపోయింది. వాలంటీర్లు తీసుకొస్తే ఆ పిల్ల టెంట్లోనే కూర్చుని హాయిగా బిస్కెట్లు తింటోంది. ఈ మహానుభావుడు మైకు అందుకుని ముందే పిల్ల పేరు చెప్పేశాడు. ఆ తల్లి ఎక్కడో కొవ్వొత్తుల కొట్ల దగ్గరుంది. పేరు చెవిన పడగానే కేక పెట్టి పరిగెత్తింది. ఎటు రావాలో వీడు తర్వాత తీరిగ్గా చెబుతున్నాడు. వినేదెవరు? ఆవిడ కొండ వైపు రావాల్సింది పోయి ఏలూరు రోడ్డు పట్టుకుని పోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మైకు ఇటియ్యి నాయనా అన్నాను. పిల్ల ఏం వేసుకుందని తెరేసమ్మని అడిగి, మన పద్ధతిలో చెబితే ఆ తల్లి నేరుగా టెంటుకే వచ్చింది. ముందు ఎక్కడికి రావాలో చెప్పాలి. తర్వాత ఒంటి మీద ఏం బట్టలున్నాయో చెప్పాలి. ఆ తర్వాత ఒక ఊపిరి తీసుకుని, చివర పేరు చెప్పాలి. పేరు వినపడ్డాక ఏ తల్లికీ ఇంకేమీ వినపడదు. నీకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఇదే టెంట్లో నీ నెత్తిన మొట్టి మరీ నేర్పాను. గుర్తుందా? గుర్తు లేకపోవడమేం, దాంతోనేగా రాష్ట్రాన్ని ఏలుతున్నావు.

అవున్రా, ఏలుతున్నావు. ఎదుటివాళ్ళ ముందు నేను ఇలా అనను. మా వాడేదో వేషాలు వేసుకుంటాడండీ అంటాను. కానీ ఉత్తరంలో అనకపోతే ఇంకెక్కడ అంటాను? మొన్నటికి నీ మొదటి బొమ్మ విడుదలై పదేళ్ళు నిండాయని టీవీవాళ్ళు గంటసేపు కార్యక్రమం వేశారు. నేను కుర్చీలోంచి లేవలేదు. కూర పొయ్యి మీద మాడిపోయింది. వాసనొస్తున్నా లేవలేదు.

ఆ కార్యక్రమంలో ఎవరో పెద్దమనిషి నిన్ను ఆకాశం నుంచి ఊడిపడ్డ నటుడు అన్నాడు. ఆకాశం కాదు బాబూ, ఆటో అని చెప్పాలనిపించింది. పుల్లయ్య పబ్లిసిటీ ఆటోలో వెనక సీట్లో కూర్చుని, మంగళగిరి చీరల ఎగ్జిబిషన్ గురించి మైకులో అరుచుకుంటూ ఊరంతా తిరిగినవాడివి నువ్వు. అక్కడా అదే పద్ధతి. ముందు ఎక్కడో చెప్పేవాడివి, తర్వాత ఏ రంగులో చెప్పేవాడివి, ఆగి, చివర మంగళగిరి చీరలు అనేవాడివి. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్న కారులోంచి చక్రి దిగి, ఆటో పక్కన నడుస్తూ నీ పేరేంటండీ అని అడిగాడట. అప్పటికి అతనూ డైరెక్టరు కాదు, ఎవరి దగ్గరో అసిస్టెంటు. నీకు ముప్ఫై ఏడేళ్ళు. ఆ వయసులో సినిమాలేంట్రా అని అనని మనిషి మన పేటలో నేనొక్కదాన్నే. పుల్లయ్యయితే ఇప్పుడు ఆ ఆటోకి నీ ఫొటో అంటించుకుని, హీరోగారు కూర్చున్న సీటు ఇదేనని ఎక్కిన ప్రతివాడికీ చెబుతున్నాడు. ఆ ఆటో ఎప్పుడో పాతసామాన్లవాడికి పోయింది. ఇది వేరే ఆటో.

ఆ మొదటి బొమ్మ, ‘ఎదురుకత్తి’, నాకు ఇప్పటికీ మంటే. గొంతు విని పిలిచినవాళ్ళు, గొంతొక్కటే తీసి పారేశారు. రాయలసీమ రౌడీ వేషమట, కృష్ణా జిల్లా మాట మరీ మెత్తగా ఉందట. ఎవరి చేతనో చెప్పించారు. మొదటాట చూడ్డానికి క్వయరు క్వయరంతా కదిలొచ్చాం. తెర మీద నువ్వొచ్చావు. నల్లచొక్కా, గుబురు మీసం, బుగ్గ మీద కత్తి గాటు. నోరు తెరిచావు. లోపల్నుంచి వేరే మనిషి మాట్లాడాడు. బొమ్మ నీది, గొంతు ఎవడిదో. వీడు మా వాడు కాదు అని పైకే అనేశాను. ముందు వరసలోవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఇంటర్వెల్‌కే లేచి బయటికొచ్చేశాను. ఆ సాయంత్రం నువ్వు ఫోను చేసి ఎలా ఉన్నానక్కా అంటే, నువ్వు లేవురా అందులో, నేను నిన్ను చూళ్ళేదు అన్నాను. ఇక నుంచి నా మాట నేనే చెప్పుకుంటానక్కా, లేకపోతే వేషమే వద్దంటాను అన్నావు. ఆ మాట తర్వాత నీకు చాలా రోజులు వేషాలు రాలేదు. అయినా మాట తప్పలేదు. అక్కడే నాకు ఛాతీ పొంగింది. అవార్డులవీ తర్వాతొచ్చాయి.

పేరు సంగతీ అంతే. యేసుకుమార్ అనే పేరు పోస్టరు మీద పలకదు, ఏ విక్రాంతో పెట్టుకోమన్నారు. జ్ఞానస్నానంలో మా నాన్న పెట్టిన పేరండీ, పలకకపోతే మీరే పలకడం నేర్చుకోండి అన్నావట. ఇవాళ గుడివాడ నుంచి అవనిగడ్డదాకా ఫ్లెక్సీల మీద ఆ పేరు ఎంత పెద్దక్షరాలతో పలుకుతోందో నాకు తెలుసు. మనింటికి రెండు సందుల అవతల ఒక హిందూ కుటుంబం తమ మనవడికి యేసుకుమార్ అని పేరు పెట్టుకుంది. అన్నప్రాసనకి నన్ను పిలిచారు. వెళ్ళి గిన్నె ఇచ్చొచ్చాను.

నీ మీద కోపం లేదని కాదు. కాలవ మెట్ల మీద జారి నా కాలు విరిగినప్పుడు ఏం చేశావు? మంచి వేషం, చేతికొచ్చిన వేషం, షూటింగు మధ్యలో వదిలేసి పరిగెత్తుకొచ్చావు. నా కట్టు విప్పేదాకా మంచం పక్కనుంచి కదలనన్నావు. ఆ వేషం వేరేవాడికి పోయింది, వాడు దాంతో పెద్దవాడైపోయాడు. నేను తిట్టిన తిట్లు నీకు గుర్తుండే ఉంటాయి. మళ్ళీ నా మూలంగా నీ పని చెడితే నేను బతికి ఉండి ఏం లాభమని ఆ రోజే అనుకున్నాను. ఆ మాట మీదే ఉన్నాను.

సరే, మంచి సంగతుల్లోకి వస్తాను. చక్రి సొంతంగా తీసిన ‘కరకట్ట కోటయ్య’ రెండువేల పద్దెనిమిదిలో వచ్చింది. నీలం గళ్ళ లుంగీ, భుజాన ఎర్ర తుండుగుడ్డ, మోకాళ్ళదాకా బురద. అచ్చం మన ఏటి లంకల్లో మనిషివి. వరదలో కూతురు కొట్టుకుపోతే, పునరావాస శిబిరంలో మైకు ముందు నిలబడతాడు కోటయ్య. చక్రి రాసిచ్చిన డైలాగులో పిల్ల పేరు మొదట్లోనే ఉందనీ, నువ్వే మార్చమన్నావనీ తర్వాత చెప్పావు. కరకట్ట మీద స్కూలు దగ్గరున్నానమ్మా అన్నావు. పచ్చగౌను, కుడిచేతికి తాయెత్తు అన్నావు. ఆగావు. ఊపిరి తీసుకున్నావు. ఆ ఊపిరికి హాలు మొత్తం బిగుసుకుపోయింది. అప్పుడు చెప్పావు పేరు. నా పక్కన కూర్చున్న ఎవరో ముక్కూ మొహం తెలియనావిడ నా చెయ్యి పట్టేసుకుంది. ఆవిడకి నేను చెప్పలేదు వాడు నా తమ్ముడని. చెప్పాలని నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే సినిమా వదిలేసి నన్ను చూస్తుందని ఊరుకున్నాను.

ఆ ఏడాది నుంచి కాలేజీ పిల్లలు కూడా నీలాగే ఆగి, ఊపిరి తీసుకుని మాట్లాడ్డం మొదలెట్టారు. దాన్ని యేసుకుమార్ గ్యాపు అంటున్నారట. తిరునాళ్ళ టెంటు గ్యాపు అనాలి, న్యాయంగా.

అవార్డు తీసుకున్న రోజు వేదిక మీద కూడా అదే చేశావు, దొంగ. నేను మంగళగిరి పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాను. నిర్మాత పేరు చెప్పావు, చక్రి పేరు చెప్పావు, లైటుబాయిల పేర్లు కూడా చెప్పావు. నా పేరు రాలేదు. పోనీలే, వాడికి కంగారు అనుకున్నాను. అప్పుడు ఆగావు. నీ ఊపిరి నాకు వినపడింది. ఏం వస్తుందో తెలిసిపోయింది. నువ్వు సంపూర్ణమ్మ అన్నాక ఇంకేం మాట్లాడావో నాకు నిజంగా వినపడలేదురా. చప్పట్లు కొట్టారని జెస్సికా చెబితే తెలిసింది.

కరోనా తర్వాత హాళ్ళు తెరిచాక నీ సినిమా ఒక్కటి వదల్లేదు. మొదటాటకే వెళ్ళాం, ఎప్పుడూ చివరి వరసలో గోడ పక్క సీటే. ఈ జెస్సికా పక్కన కూర్చుని నా చెవిలో ఏదో ఒకటి గొణుగుతూనే ఉంటుంది, ముందువాళ్ళు రెండుసార్లు తిట్టారు. ‘రెండో పంట’లో నువ్వు తాగి పాడే పాటకి నవ్వలేక చచ్చాను. అందులో నీ చెప్పులు కిర్రుమంటూ వచ్చే చప్పుడు వినగానే హాలంతా ఈలలు. ‘జడ్జిగారి పెరడు’లో నువ్వు పెద్దగా మాట్లాడకుండానే నడిపించావు. పేపరు మడత పెట్టే చప్పుడు, గొంతు సవరించుకోవడం, అంతే. భలే చేశావు.

కానీ నా మనసులో మాట చెప్పనా? వీటన్నిటికంటే నాకు ‘పడమటి దీవి’ ఇష్టం. ఆ ముసలి పడవవాడు. సముద్రం మీద కొడుకుని పోగొట్టుకుని, ఒడ్డున కూర్చుని మిగతావాళ్ళ పడవల కోసం ఎదురుచూసే మనిషి. ఎంత ముసలివాడివైపోయావురా అందులో. ఆ దగ్గు, ఆ ఆయాసం, లేచేటప్పుడు మోకాలు పట్టుకుని అనే ఆ అబ్బా. చివర్లో కొడుకు పేరు పిలవాలి. ముందు గాలి ఎటుందో చెప్పాడు, పోటు ఎంతుందో చెప్పాడు, ఆగాడు. నేను జెస్సికా చెయ్యి నొక్కేశాను. అంత గొప్పగా చేసి, ఏ ఇంటర్వ్యూలోనూ దాని ఊసెత్తవేం? మొన్న టీవీవాళ్ళూ ఎత్తలేదు. అవార్డులవాళ్ళకైతే కళ్ళే లేవు. దీన్ని అడిగితే మాట మార్చేస్తుంది. ఇదిగో, ఇప్పుడు కూడా పెన్ను ఆపేసింది. రాయవే, ఆపుతావేం.

ఇప్పుడు నువ్వడిగిన సంగతి. నాన్న కథ లాంటి కథ సినిమాగా వస్తోందని, లాకుల దగ్గర కాలవ తలుపులెత్తే లస్కరు వేషం నీదేనని పోయినేడు చెప్పినప్పుడు ఆ రోజంతా నాకు నాన్నే గుర్తొచ్చాడు. మన నాన్న జీవరత్నం బతుకంతా ఆ తలుపుల మీదే పోయింది. ‘ఆఖరి లాకు’ అనే పేరూ బాగుంది. షూటింగైపోయింది, ఇక మాటలు చెప్పడమే మిగిలిందనగా గొంతులో ఆ కండ వచ్చి పడింది. డాక్టరుగారు తీసేశారు. ప్రాణానికి భయం లేదన్నారు, అది చాలు. గొంతు మాత్రం పాతది రాదట, బొంగురుగా ఉండిపోతుందట. అందుకని నిర్మాతలు నీ పాత సినిమాల్లోంచి గొంతు తీసి కంప్యూటరు చేత కొత్త డైలాగులు చెప్పిస్తామంటున్నారు. సోమవారం నువ్వు సంతకం పెట్టాలి. ఏం చెయ్యమంటావక్కా, నువ్వు వద్దంటే పెట్టను అని వాట్సాప్‌లో రాసి, వాళ్ళు చేసిన ముక్క కూడా పంపావు.

ముక్క విన్నాను. చాలాసార్లు విన్నాను. జెస్సికా ఫోను చార్జింగు అయిపోయేదాకా విన్నాను. అబద్ధమెందుకు, బాగుంది. నున్నగా ఉంది. నలభై ఏళ్ళప్పటి నీ గొంతే. ఎవరైనా నువ్వే అనుకుంటారు. కానీ అందులో లస్కరు తన కొడుకుని పిలిచే చోట, పేరు ముందు, ఊపిరి లేదు. ఆగింది. ఆగిందంటే మాట ఆగింది, అంతే. లోపల మనిషి లేడు. ఆగడం వేరు, ఊపిరి తీసుకోవడం వేరు. ఆ ముక్క విన్నాక నాకు మళ్ళీ ఆ మొదటి బొమ్మ హాల్లో కూర్చున్నట్టే అయింది.

తర్వాత ఇంకోటి విన్నాను. ఆపరేషనైన నాలుగో రోజు, డాక్టరు వద్దంటున్నా వినకుండా నువ్వు పంపిన మాట. బాగానే ఉన్నానక్కా అన్నావు, అంతే. అది విని నేనెందుకు మాట్లాడలేదో తెలుసా? ఏడుస్తున్నానని అనుకున్నావేమో. కాదు. అది నాన్న గొంతు. నీళ్ళ హోరు మీద బతుకంతా అరిచి అరిచి నాన్నకి గొంతు అలాగే కదా బొంగురుపోయింది. నువ్వు చిన్నవాడివి, నీకు సరిగ్గా గుర్తుండదు. నాకుంది. లస్కరు వేషం ఇచ్చిన దేవుడే లస్కరు గొంతూ ఇచ్చాడు. తెచ్చి చేతిలో పెడితే వద్దంటావా?

పాత గొంతు పోయిందని నువ్వు సిగ్గుపడుతున్నావని నాకు తెలుసు. జనం ఏమంటారో అని భయం. ఏమీ అనరు. మొదటి పది నిమిషాలు కొత్తగా ఉంటుంది, తర్వాత ఆ మనిషి గొంతే అదని నమ్ముతారు. నమ్మించడమే కదా నీ పని. నా మాట ఇదే. డాక్టరుగారు మాట్లాడచ్చు అన్నాక, ఎన్నాళ్ళైనా సరే ఆగి, రోజుకి నాలుగు మాటలైనా సరే, నువ్వే చెప్పు. నిర్మాతలు ఆగలేమంటే చక్రి చేత చెప్పించు. విడుదల వెనక్కి పోతే పోనీ. పదేళ్ళ క్రితం ఏ పేరూ లేని రోజుల్లో నా మాట నేనే చెప్పుకుంటానన్నవాడివి, ఇంత పేరొచ్చాక ఇంకొకరి చేత చెప్పించుకుంటావా? ఆ ఇంకొకరు నీ పాత గొంతే అయినా సరే, నాకు ఒకటే.

నీళ్ళు గోరువెచ్చగా తాగు. మిరియాల కషాయం పెట్టించుకో. చలిలో మేడ మీద తిరక్కు. మొన్న క్రిస్మస్‌కి వచ్చినప్పుడు నీ మొహం తడిమితే బుగ్గలు లోపలికి పోయినట్టున్నాయి. వేళకి తిను.

నిన్ను చూసి గర్వపడ్డం తప్ప ఈ మధ్య వేరే పనేమీ పెట్టుకోని
నీ అక్క,
సంపూర్ణ

తా.క. మావయ్యా, నేను జెస్సికాని. అమ్మ లోపల జపమాల చెప్పుకుంటోంది. ఈ కాస్తా ఆవిడకి తెలియకుండా రాస్తున్నాను.

‘పడమటి దీవి’ దగ్గర మీరు ఆగిపోయే ఉంటారు. ఆ సినిమాలో మీరు లేరు. చక్రిగారు అడిగారని ఆ మలయాళం సినిమాకి తెలుగులో గొంతు మాత్రమే ఇచ్చారు. తెర మీదున్నది ఎవరో కేరళ పెద్దాయన. అమ్మకి ఆ సంగతి తెలియదు. హాల్లో మీ మాట వినపడగానే, మా వాడు ఎంత ముసలివాడైపోయాడే, ఎలా ఉన్నాడో చెప్పవే అని అడిగింది. కాదమ్మా అని చెప్పడానికి నోరు తెరిచాను. ఆవిడ మొహం చూశాక చెప్పలేకపోయాను. తెల్లగడ్డం, వంగిన నడుం, చిరిగిన బనీను, మావయ్య చాలా బాగున్నాడమ్మా అని చెప్పాను. మీ మొదటి సినిమాలో బొమ్మ మీది, గొంతు వేరేవాళ్ళది. అమ్మ లేచి బయటికొచ్చేసింది. ఇందులో గొంతు మీది, బొమ్మ వేరేవాళ్ళది. శుభం పడ్డాక కూడా లేవలేదు.

అమ్మకి చూపు లేదు మావయ్యా. నీటికాసులు, కంట్లో ఒత్తిడి పెరిగి చూపు తినేసే జబ్బు. కరోనా రోజుల్లో పరీక్షలకి వెళ్ళకుండా, చుక్కలు వేసుకోకుండా ఊరుకుంది. ఆ తర్వాత కొన్నాళ్ళు వెలుగూ నీడా తెలిసేవి. ఇప్పుడు అవీ లేవు. ఇక రాదని డాక్టర్లు చెప్పేశారు. వేళ్ళు పట్టేయడం అబద్ధం. మీతో శుక్లాల ఆపరేషన్ అని చెప్పిన నల్లకళ్ళద్దాలూ అబద్ధమే. మీరొచ్చినప్పుడల్లా ఇంటి ముందు జనం, మీరుండేది గంట. ఆ గంట కోసం ముందురోజే కప్పులు ఎక్కడ, కుర్చీ ఎక్కడ అని తడుముకుని చూసుకుని, మీ చేతికి కాఫీ తనే అందిస్తుంది. కాలు విరిగినప్పుడు మీరు వేషం వదులుకున్నారని, ఇది తెలిస్తే సినిమాలే వదిలేసి వచ్చి కూర్చుంటారని నా చేత ఒట్టు వేయించుకుంది. ఈ రోజు ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. మీరు రావద్దు. వస్తే నన్ను చంపుతుంది. సోమవారం మీరు సంతకం పెట్టేముందు ఇది తెలియాలనే రాశాను.

ఆ కంప్యూటరు గొంతుతో సినిమా వచ్చినా రాష్ట్రమంతా మిమ్మల్ని చూస్తుంది. ఈ ఇంట్లో ఒక్క మనిషికి మాత్రం మీరు కనపడరు. పై సంతకం అమ్మే పెట్టింది. కాగితం మీద చోటు వేలు పట్టుకుని చూపించాను, అయినా పైవరసల మీదికి పోయింది.

అమ్మ మీకూ నాకూ నేర్పిన పద్ధతిలోనే చెప్పి ముగిస్తాను.

గుణదల కొండ కింద, మునగచెట్టున్న ఇంట్లో ఉంది. బూడిదరంగు నేతచీర, నల్లకళ్ళద్దాలు, కుడిచేతిలో జపమాల. మీ గొంతు ఎటు వినపడితే అటు మొహం తిప్పుతుంది.

పేరు సంపూర్ణమ్మ.